నాలుగింటికి నోరూరితే...

పిల్లికి తీపి తెలియదు. పాలగిన్నె దగ్గర కాపు కాసేది పాలమీద మీగడకోసమేగాని, మనం కలిపిన పంచదారకోసం కాదు. పిల్లి నాలుకలో తీపిని పట్టే జన్యువు ఎప్పుడో పనిచెయ్యడం మానేసిందని 2005లో అమెరికా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మాంసం తిని బతికే జంతువుకి పండు తియ్యగా ఉంటేనేం, పుల్లగా ఉంటేనేం! ఈ సంగతి చదివినరోజున మా పెరట్లో తిరిగే పిల్లిని చూసి కొంచెం జాలిపడ్డాను. ఎక్కువభాగం అసూయే అనుకోండి. సాయంత్రం నాలుగింటికి దానికి డబ్బాలు వెతుక్కునే అవస్థ లేదుకదా!

మనం వెతుక్కుంటాం. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, గిన్నెలు సర్దడం అయింది, ఒక్క కునుకు తీసి లేచాం. అప్పుడు మొదలవుతుంది. ఆకలి కాదది. ఆకలైతే ఇంత పెరుగన్నం కలుపుకుంటే తీరుతుంది. ఇది "ఏదో ఒకటి, తియ్యగా" అనే గోల. దేవుడి దగ్గర పెట్టిన పటికబెల్లం పలుకో, పిల్లల బిస్కెట్టో, పక్కింటివాళ్లు పంపిన మైసూరుపాకులో మిగిలిన సగం ముక్కో, చెయ్యి తనంతట తనే వెళ్తుంది. ఇంట్లో మగవాళ్లు దీనికి జిహ్వచాపల్యమని పేరు పెట్టారు. డాక్టరుగారు రక్తపరీక్ష కాయితం మీద ఒక అంకె కింద గీత గీసి, "నోరు కట్టుకోవాలమ్మా" అంటారు. అనడం ఎంత తేలిక!

అసలీ గోల ఎక్కణ్ణించి వచ్చిందా అని పుస్తకాలు తిరగేస్తూ పోతే, సంగతి మన వంటింటి గడప దాటి ఎక్కడెక్కడికో వెళ్లింది. న్యూగినీ అడవులు, మగధరాజ్యం, లండనులో తేనీటి బల్లలు, మారిషస్ చెరకుతోటలు... ఇంత దూరం తిరిగి వచ్చిందన్నమాట మన డబ్బాలోని పంచదార.

ముందు నాలుక సంగతి చూద్దాం. పుట్టి ఒకరోజైనా కాని పసిగుడ్డు పెదవికి తీపి తగిలిస్తే చప్పరిస్తుంది, చేదు తగిలిస్తే మొహం చిట్లిస్తుంది. ఎవరూ నేర్పలేదు. తల్లిపాలే తియ్యన, అందులో నూటికి ఏడు వంతులు పాలచక్కెరే. చెట్లూ పుట్టలూ పట్టుకు తిరిగిన మన పూర్వీకులకి తియ్యనిదంటే పండినది, తినదగ్గది అని అర్థం. చేదంటే విషం కావచ్చు, జాగ్రత్త. అయితే ఆ తీపి దొరికేది ఏడాదిలో కొద్దిరోజులు. తేనె కావాలంటే తేనెటీగలతో యుద్ధం చెయ్యాలి. అంచేత దొరికినప్పుడే తినెయ్యమని మెదడు నేర్చుకుంది. తినగానే డోపమిన్ అనే రసాయనం ఊరి, "బాగుంది, మళ్లీ ఎక్కడుందో చూడు" అని పురమాయిస్తుంది. పాపం ఆ మెదడుకి మన వీధి చివర స్వీటుషాపు తెరిచిన సంగతి తెలియదు. ఇంకా అడవిలోనే ఉన్నాననుకుంటోంది.

చెరకు మొదట పెంచింది న్యూగినీ ద్వీపంలో. అది వేల సంవత్సరాల కిందటి మాట. వాళ్లు నమిలి ఊశారు, అంతే. ఆ రసాన్ని కాచి, గట్టిపరిచి, పలుకులుగా మార్చే విద్య మాత్రం మన దేశానిది. అలెగ్జాండరు నౌకాదళాధిపతి నియార్కస్ క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చి, ఈ దేశంలో తేనెటీగలు లేకుండానే తేనె ఇచ్చే రెల్లు ఉందని ఆశ్చర్యపోయాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ప్రభుత్వ కొట్లలో నిలవచేసే సరుకుల లెక్కలో ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండశర్కర అని తీపిలో ఇన్ని రకాలు కనిపిస్తాయి. మన అమ్మమ్మలు పాకం తీగపాకమా, ముదురుపాకమా అని వేలితో చూసి చెప్పేవారు కదా, ఆ జ్ఞానం అప్పటిదే కాబోలు.

శర్కర అంటే సంస్కృతంలో గులకరాయి, ఇసకపలుకు. ఆ మాటే ప్రాకృతం మీదుగా మన చక్కెర అయింది. పర్షియావాళ్ల చేతిలో షకర్ అయి, అరబ్బుల దగ్గర సుక్కర్ అయి, ఫ్రెంచివాళ్లకి సుక్ర్, ఇంగ్లీషువాళ్లకి షుగర్ అయింది. ఖండం కాండీ అయి పిల్లల జేబుల్లో చేరింది. క్రీ.శ. 647లో చైనా చక్రవర్తి తైజాంగ్ పాకం దించే విద్య నేర్చుకు రమ్మని మగధకి మనుషుల్ని పంపించాడు. నేర్చుకున్నారు. బాగానే నేర్చుకున్నారు. ఇవాళ ఉత్తరాదివాళ్లు తెల్ల పంచదారని చీనీ అంటారు. పటికబెల్లాన్ని మిస్రీ అంటారు, మిస్ర్ అంటే ఈజిప్టు. మన పిల్లే అత్తవారింటి పేరు పెట్టుకుని పుట్టింటికి వచ్చినట్టు లేదూ!

తీపి కనిపెట్టినవాళ్లకే తీపి జబ్బు కూడా ముందు తెలిసింది. మూత్రానికి చీమలు పడుతున్నాయని గమనించి దానికి మధుమేహమని పేరు పెట్టింది మన ప్రాచీన వైద్యులు. సుశ్రుతుడు చెప్పిన చికిత్స చదివి నేను నవ్వుకున్నాను, తర్వాత ఆలోచించాను. డబ్బున్నవాడైతే శ్యామాకం, నివ్వరిలాంటి అడవిధాన్యాలు తినాలట. బీదవాడైతే చెప్పులూ గొడుగూ లేకుండా, ఊరికొక రాత్రి మించి ఉండకుండా, బిచ్చమెత్తుకుంటూ నూరు యోజనాలు నడవాలట. లేకపోతే నుయ్యి తవ్వాలట! ఇప్పుడు డాక్టర్లు చిరుధాన్యాలు తినండి, రోజూ నడవండి అంటున్నారు. నుయ్యి ఒక్కటే మాఫీ చేశారు. ఇంగ్లండులో మాథ్యూ డాబ్సన్ అనే వైద్యుడు ఈ జబ్బులో మూత్రంలో ఉన్నది నిజంగా చక్కెరేననీ, రక్తంలోనూ అది ఉంటుందనీ రుజువు చేసింది 1776లో. ఇన్సులిన్ దొరికింది 1921లో, కెనడాలోని టొరొంటోలో.

యూరపులో పంచదార చాలాకాలం మందులషాపులో అమ్మే వస్తువు. కుంకుమపువ్వులా తూచి ఇచ్చేవారు. రాజులకీ ప్రభువులకే అందేది. 1598లో ఇంగ్లండు వెళ్లిన హెంట్జ్‌నర్ అనే జర్మను యాత్రికుడు మొదటి ఎలిజబెత్ రాణిని చూసి, ఆవిడ పళ్లు నల్లగా ఉన్నాయి, ఇంగ్లీషువాళ్లు పంచదార మరీ ఎక్కువ తింటారు, అందుకే ఈ లోపం అని రాసుకున్నాడు. నల్లపళ్లు అప్పుడు గొప్పింటి లక్షణమన్నమాట.

అది మామూలు ఇళ్లకి ఎలా దిగిందన్నదే అసలు కథ. ఇందులో వినడానికి బాగుండని భాగం ఉంది. అయినా చెప్పాలి.

కొలంబస్ 1493లో రెండోసారి సముద్రం మీద వెళ్లినప్పుడు చెరకు ముక్కలు వెంట తీసుకెళ్లాడు. కరీబియన్ దీవుల్లో అది విరగపండింది. చెరకు సేద్యం మాటలు కాదు. నరికిన గడని వెంటనే గానుగకి పెట్టకపోతే రసం పులిసిపోతుంది. రాత్రీ పగలూ గానుగాడాలి, పెనాల కింద మంట ఆరకూడదు. ఇంత చాకిరీకి మనుషులెక్కడ? ఆఫ్రికానుంచి పట్టుకొచ్చారు. నాలుగువందల ఏళ్లలో సుమారు కోటీ పాతిక లక్షలమందిని ఓడలెక్కించారని చరిత్రకారుల లెక్క. అందరూ చెరకుతోటలకే కాదుగాని, పెద్దభాగం వాటికే. అనేక లక్షలమంది సముద్రం మీదే పోయారు. గానుగ పక్కన ఒక గొడ్డలి సిద్ధంగా పెట్టుకునేవారట. నిద్రలేమితో తూలే మనిషి చెయ్యి రోలర్ల మధ్య ఇరుక్కుంటే గానుగ ఆపడం కుదరదు, చెయ్యే నరికెయ్యాలి. ఈ వాక్యం చదివిన రోజున మా ఇంట్లో కాఫీ కలపడానికి నాకు మనసొప్పలేదు.

అలా వచ్చిన పంచదార చవకైంది. దానికి తోడు చైనా తేయాకు వచ్చింది. ఇంగ్లండులో 1700 ప్రాంతంలో మనిషికి ఏడాదికి సుమారు 4 పౌన్ల పంచదార. 1800 నాటికి 18 పౌన్లు. 1900 వచ్చేసరికి దాదాపు 90. పొద్దున్నించి మిల్లులో నిలబడ్డ కూలివాళ్లకి వేడి టీ, అందులో ఇంత పంచదార, ఒక రొట్టెముక్క. కడుపు నిండినట్టుండేది, పనీ సాగేది. వండుకునే తీరిక లేనివాళ్లకి పంచదారే భోజనమైంది. సిడ్నీ మింట్జ్ అనే పండితుడు ఈ సంగతి మీద 1985లో పెద్ద పుస్తకమే రాశాడు. తీపి మీద వెర్రి ఒక్క నాలుకది కాదు, మనిషి ఎంత అలిసిపోయాడన్నదాన్ని బట్టి కూడా ఉంటుందని నాకు ఆయన లెక్కలు చూశాకే తోచింది.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. మన పాఠకురాళ్లకి ఇది నచ్చుతుంది. 1791లో బానిసవ్యాపారం ఆపమని వచ్చిన బిల్లుని బ్రిటిష్ పార్లమెంటు ఓడగొట్టింది. ఆ ఏడే విలియం ఫాక్స్ అనే ఆయన ఒక చిన్న కరపత్రం అచ్చువేశాడు. అందులో ఇల్లాలికి అర్థమయ్యే లెక్క వేశాడు. వారానికి 5 పౌన్ల పంచదార వాడే కుటుంబం 21 నెలలు మానేస్తే ఒక మనిషి బానిస కాకుండా, చావకుండా ఆగుతాడు అని. ఆడవాళ్లకి ఓటు లేదు. పార్లమెంటులో అడుగు పెట్టే దారి లేదు. కాని బజారు జాబితా రాసేది వాళ్లే. టీ బల్లమీదనుంచి పంచదార గిన్నె తీసేశారు. సుమారు 3 లక్షలమంది పంచదార ముట్టడం మానేశారని ఆనాటి అంచనా. ఆ తర్వాత 1820లలో లెస్టర్ పట్నంలో ఎలిజబెత్ హేరిక్ అనే ఆవిడ, బానిసత్వాన్ని మెల్లమెల్లగా కాదు, ఇప్పుడే తీసెయ్యాలి అని 1824లో కరపత్రం రాసి, ఇల్లిల్లూ తిరిగి పంచదార మాన్పించింది. ఉద్యమంలో ఉన్న పెద్దమనుషులకి ఈ తొందర అంతగా నచ్చలేదు. తర్వాత వాళ్లే ఆవిడ దారికి వచ్చారు. 1833లో చట్టం వచ్చేనాటికి ఆవిడ లేదు.

ఆ రోజుల్లో పింగాణీ పంచదార గిన్నెల మీద, ఇది ఈస్టిండియా పంచదార, బానిసలు చేసినది కాదు అని అచ్చువేసి అమ్మేవారు. ఆ గిన్నెలు ఇప్పటికీ ఇంగ్లండు మ్యూజియాల్లో ఉన్నాయి. ఈస్టిండియా అంటే మన దేశమే. తెల్లదొరసానులు మనస్సాక్షికోసం మన పంచదార వేసుకున్నారన్నమాట.

సంతోషించేలోపలే రెండో అంకం మొదలైంది. బానిసలు విడుదలైతే చెరకు నరికేదెవరు? 1834 నుంచే మన దేశంనుంచి కూలీలని మారిషస్‌కి ఓడలెక్కించడం మొదలుపెట్టారు. అయిదేళ్ల ఒప్పందం. దాన్నే గిరిమిట్ అన్నారు. విశాఖపట్నం, గోదావరి, గంజాం ప్రాంతాలవాళ్లు వేలమంది వెళ్లారు. కరువు ఒకవైపు, మేస్త్రీల తియ్యటి మాటలు ఇంకోవైపు. కోరంగి రేవు పేరుమీద తెలుగువాళ్లని అక్కడ కోరంగీలు అనేవారు. 1860 నవంబరు 16న మద్రాసునుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. అందులో తమిళులతోపాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు, ఆడవాళ్లూ ఉన్నారు, చంకలో పిల్లలతో. వాళ్లు దిగింది కూడా చెరకుతోటల్లోనే. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి కూడా వెళ్లారు. చెరకు ఆకు అంచు కత్తిలా కోస్తుంది. మా వైపు చెరకు కొట్టే ఆడవాళ్లు చేతులకి పాతగుడ్డలు చుట్టుకోవడం నేను చిన్నప్పుడు చూశాను. ముక్కూమొహం తెలియని దేశంలో, అయిదేళ్లపాటు, ఆ చేతులు ఎలా ఉండేవో!

మారిషస్‌లో ఉగాది ఈనాటికీ సెలవురోజు. ఆ తోటల్లో పనిచేసినవాళ్ల మనవలూ మునిమనవలూ జరుపుకుంటారు. ఉగాది పచ్చట్లోకి బెల్లం కావాలికదా, ఆ తీపికి వాళ్లు చెల్లించినంత వెల ఇంకెవరూ చెల్లించి ఉండరు.

సరే, మన ఇళ్లలోకి వద్దాం. గోదావరి జిల్లాలో మా అమ్మమ్మగారింట్లో పంచదార డబ్బా వంటింట్లో ఉండేది కాదు, బీరువాలో ఉండేది. తాళంచెవి అమ్మమ్మ బొడ్లో. రేషనుకార్డు మీద కొలతగా వచ్చే ఆ కాస్తా చుట్టాల కాఫీలకే చాలేది కాదు. ఇంటివాళ్లకి బెల్లం, అదీ ఎప్పుడుపడితే అప్పుడు కాదు. సంక్రాంతికి అరిసెలు, శ్రావణ శుక్రవారానికి పూర్ణాలు, నాగులచవితికి చిమ్మిలి, బాలింతకి కాయం. తీపికి తిథీ వారం నక్షత్రం ఉండేవి. అరిసె తినాలంటే నాలుగిళ్లవాళ్లు కూడి పిండి దంచాలి, పాకం పట్టాలి, నూనె వత్తాలి. అందులో సగం తీపి చెమటగా కరిగిపోయేది. పైగా సున్నుండలో మినుములున్నాయి, చిమ్మిలిలో నువ్వులున్నాయి, బొబ్బట్టులో శనగపప్పుంది. ఒట్టి పంచదార నోట్లో పోసుకోవడమన్నది లేదు.

ఆ తిథివారాలు ఎలా పోయాయి? 1932లో విదేశీ పంచదారమీద ప్రభుత్వం గట్టి సుంకం వేసింది. దాంతో నాలుగైదేళ్లలో దేశంలో మిల్లులు ముప్పైకి అటూ ఇటూ ఉన్నవి నూరు దాటాయి. నిజాం రాజ్యంలో బోధనులో 1937లో పెట్టిన ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవారు. 2015లో అది మూతపడింది. కోయంబత్తూరు పరిశోధనశాలలో మన సన్నచెరకునీ, విదేశీ లావుచెరకునీ కలిపి కొత్త రకాలు పుట్టించారు. 1934 నుంచి 1939 దాకా అక్కడ పనిచేసిన జానకీ అమ్మాళ్ అనే శాస్త్రజ్ఞురాలు చెరకుకీ ఇతర గడ్డిజాతులకీ సంకరాలు చేసి చూసింది. ఆడపిల్లకి పెళ్లే చదువనుకునే ఆ రోజుల్లో అమెరికా వెళ్లి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి. మన చెరకు ఇంత తియ్యబడడానికి వెనకాల ఆవిడ కృషి కూడా ఉంది.

ఇక 1930లలోనే టీ కంపెనీల తరఫున ఊరూరా టీ కాచి ఉచితంగా పోసి అలవాటు చేశారు. కాఫీ, టీలతోపాటు పంచదార పండగల పుటలోనుంచి దినచర్యలోకి దిగింది. ఒక్కో కప్పుకి రెండు చెంచాలు, రోజుకి నాలుగు కప్పులు. ఎవరూ దాన్ని తీపి తినడమని లెక్కపెట్టరు. "నేను స్వీట్లు ముట్టనండీ" అని చెప్పే మా చెల్లెలు కాఫీల్లోనే రోజుకి ఎనిమిది చెంచాలు తాగుతుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో ఏం చెప్పిందంటే, మనం విడిగా కలుపుకునే చక్కెర, తేనెలాంటివన్నీ కలిపి మొత్తం తిండిలోని శక్తిలో పదో వంతుకి మించకూడదు, అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మంచిది అని. సగమంటే రోజుకి సుమారు 25 గ్రాములు, ఆరు చెంచాలు. ఒక 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు సీసాలోనే దాదాపు ముప్పై గ్రాములుంటుంది. సీసా మూత తీసిన క్షణంలో కోటా అయిపోయింది.

"బెల్లమైతే పరవాలేదు కదా" అని అడిగేవాళ్లు చాలామంది. కాస్త ఇనుమూ, రుచీ, మన ఊరి వాసనా అదనం. మిగతాదంతా చక్కెరే. అనకాపల్లి బెల్లమంటే నాకూ ప్రాణమే. రక్తానికి మాత్రం ఆ అభిమానం లేదు.

చక్కెర తప్పించుకోవడానికి మనిషి పడ్డ పాట్లూ తక్కువ కాదు. 1863లో లండనులో విలియం బాంటింగ్ అనే ఆయన, శవపేటికల వ్యాపారి, లావు తగ్గడానికి పంచదార, రొట్టె, బంగాళాదుంప మానేసి ఆ అనుభవం అచ్చువేస్తే, ఆయన పేరే పథ్యానికి మారుపేరైంది. 1879లో ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చేతులు కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలింది. అదే శాకరిన్. ఇలాంటి దొంగతీపి లావు తగ్గడానికని వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా ఇచ్చింది. షుగరు జబ్బు ఉన్నవాళ్లకి ఆ సలహా వర్తించదన్నారు. వాళ్లు తమ డాక్టరునడిగి నిర్ణయించుకోవాలి. 1972లో జాన్ యుడ్కిన్ అనే లండను ప్రొఫెసరు గుండెజబ్బుకి కొవ్వుకన్న పంచదారనే అనుమానించాలని పుస్తకం రాస్తే ఆయన్ని ఎగతాళి చేశారు. 2016లో పాత ఉత్తరాలు బయటపడ్డాయి. 1960లలో అమెరికా పంచదార వ్యాపారుల సంఘం హార్వర్డు పండితులకి డబ్బిచ్చి, తప్పు కొవ్వుమీదికి తోసే వ్యాసం రాయించుకుందని తేలింది. అప్పటికి యుడ్కిన్ పోయి ఇరవైయొక్క ఏళ్లయింది.

వీటన్నిటికంటె నన్ను కదిలించింది రేషను సంగతి. యుద్ధం మూలంగా బ్రిటన్‌లో 1940 జనవరి నుంచి 1953 సెప్టెంబరు దాకా పంచదారకి రేషను. రేషను ఎత్తేసిన కొద్దికాలంలోనే జనం తినే పంచదార రోజుకి నలభై గ్రాములనుంచి ఇంచుమించు రెట్టింపైంది. ఆ సరిహద్దుకి ఇటూ అటూ పుట్టిన వేలమంది ఆరోగ్యాన్ని ఇప్పుడు పోల్చి చూస్తే, 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, తల్లికడుపులోనూ మొదటి రెండేళ్లూ రేషను కాలంలో గడిపినవాళ్లకి అరవై ఏళ్ల వయసులో షుగరు జబ్బు వచ్చే అవకాశం సుమారు 35 శాతం తక్కువ. మనం కడుపుతో ఉన్న పిల్లకి చేటంత స్వీటుడబ్బాలు మోసుకెళ్తాం, ముద్దుచేసి. ఏడాది నిండని పిల్లవాడి పాలలో చెంచాడు పంచదార వేస్తాం, తాగడం లేదని. మన దేశంలో 10 కోట్లమందికి పైగా షుగరు జబ్బుందనీ, దాని గుమ్మందాకా వచ్చినవాళ్లు 13 కోట్లకి పైమాటేననీ 2023లో భారత వైద్య పరిశోధనా మండలి సర్వే చెప్పింది. మా ముగ్గురు అక్కచెల్లెళ్లలో ఇద్దరం ఆ లెక్కలో ఉన్నాం. మా కోడలికి ఇప్పుడు అయిదో నెల. సీమంతానికి మిఠాయిలకి బదులు ఏం పెడదామని ఇంట్లో చర్చ జరుగుతోంది. నువ్వులుండలదాకా బేరం వచ్చింది.

ఇక నాలుగింటి గోల. ఇంత చరిత్ర తెలిసినా అది ఆగదండీ. దాని మర్మం మధ్యాహ్నం కంచంలో ఉంది. ఇంటిల్లిపాదికీ వడ్డించాక మనకి మిగిలేదేమిటి? అడుగున పులుసు, అన్నం గుట్ట. పప్పు పిల్లలకయిపోయింది, కూర ఆయనకయిపోయింది. ఒట్టి తెల్లన్నం తొందరగా చక్కెరగా మారి రక్తంలోకి దూకుతుంది. దాన్ని దించడానికి ఇన్సులిన్ దూకుతుంది. కొందరిలో ఆ ఊపుకి చక్కెర రెండు మూడు గంటల్లో కిందికి జారుతుంది. జారినప్పుడు మెదడు తీపి తెమ్మంటుంది. అదే కంచంలో పప్పూ, కూరా, పెరుగూ సరిగ్గా ఉంటే పీచూ మాంసకృత్తులూ అన్నాన్ని నెమ్మదిగా నడిపిస్తాయి. కూరా పప్పూ ముందు తిని అన్నం చివర తింటే రక్తంలో చక్కెర తక్కువ ఎగురుతుందని 2015లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన కూడా చేశారు. మన పెళ్లిభోజనంలో బూరె ముందు, పప్పు తర్వాత. సరిగ్గా తలకిందులు!

రెండోది నిద్ర. 2004లో షికాగోలో 12 మంది కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే, ఆకలి పుట్టించే హార్మోను పెరిగింది, చాలుననే హార్మోను తగ్గింది, వాళ్లకి తీపి మీదికే మనసు పోయింది. రెండు రాత్రులకే! తెల్లవారుజామున లేచి అందరికీ క్యారేజీలు కట్టి, రాత్రి అందరూ పడుకున్నాక స్టవ్వు తుడిచి పడుకునే మనిషిది జిహ్వచాపల్యమంటారా? గానుగ పక్కన తూలిపోయిన వాళ్లూ, మిల్లులో టీ తాగి నిలబడ్డవాళ్లూ నాకు ఊరికే గుర్తు రావడం లేదు.

మా ఇంట్లో చేసిన మార్పులు పెద్దవేం కాదు. నా కంచంలో పప్పు, కూర ముందు తీసిపెట్టుకుంటున్నాను. మొదట్లో నామోషీగా ఉండేది. భోజనం కాగానే పడుకోకుండా ఒక పదిహేను నిమిషాలు డాబామీద అటూ ఇటూ తిరుగుతున్నాను. నాలుగింటికి శనగల గుగ్గిళ్లో, గుప్పెడు వేరుశనగపప్పో, ఒక జామకాయో. కాఫీలో చెంచా చొప్పున కాదు, పావుచెంచా చొప్పున తగ్గించాను. రెండు నెలల్లో నాలుక సర్దుకుంది. ఇప్పుడు పెళ్లిళ్లలో కాఫీ ఇస్తే పానకంలా ఉంటోంది. మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టరుకి చెప్పకుండా తిండి మార్చకూడదు, పూట మానడం అసలే వద్దు, చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి.

పిల్లలకి మాత్రం స్వీడను పద్ధతి తెచ్చాను. దాని పుట్టుకా మంచిది కాదు. 1940లలో అక్కడ లుండ్ పట్నంలోని విపెహోల్మ్ ఆసుపత్రిలో, తమకేం జరుగుతోందో చెప్పలేని మానసిక రోగులకి పళ్లకి అంటుకునే మిఠాయి రోజంతా పెట్టి, పళ్లు పుచ్చేదాకా చూశారు. దానివల్ల తెలిసిందేమంటే, ఎంత తిన్నారన్నదానికంటె ఎన్నిసార్లు తిన్నారన్నదే పళ్లని ఎక్కువ పాడు చేస్తుందని. దాంతో ఆ దేశంలో పిల్లలకి వారానికి ఒక్కరోజే, శనివారంనాడే, మిఠాయి అనే ఆచారం వచ్చింది. మాకు శనివారం వెంకటేశ్వరస్వామి వారం, ఒంటిపూట. అంచేత ఆదివారానికి మార్చాం. మా మనవడు రెండు వారాలు ఓర్చుకుని, మూడో శనివారం సాయంత్రం లా పాయింటు తీశాడు. "నానమ్మా, రాత్రి పన్నెండు కొడితే ఆదివారమే కదా?" అన్నాడు. నిజమే, పన్నెండుదాకా మేలుకుని ఉంటే లడ్డూ ఇస్తానన్నాను. తొమ్మిదిన్నరకి నా ఒళ్లోనే నిద్రపోయాడు.